సందు మొగ

బుధవారం ఆరున్నరకి కిరాయిలు ఎత్తను.
గాజులరేగ దాటి, రేకుల గోడౌను ఎనకాల బండి పెట్టి
వానకి కట్టే పరదాలు రెండేపులా దించీస్తాను.
మాయింట ఒకటే గది. పక్కింట గరిట పడితే మాకు తెలుస్తాది,
మాయింట మాట పడితే వోళ్ళకి.
అందుకని మా ఆసుపత్రి ఈ ఆటో.

ఫోను హేండిలు కాడ స్టాండుకి తగిలిస్తాను.
రోజూ దారి సెప్పే సోట
డాక్టరమ్మ మొకం.
ఏ ఊరో తెల్దు. మాట కిష్ణా ఏపు మాట.
ఎనకాల పచ్చ కర్టెను, ఓ మూల పిల్లి తోక.
"సింహాచలం గారూ" అంటాది.
ఇరవయ్యేళ్ళు "ఓయ్ ఆటో" అంటే తిరిగిన మెడ
ఆ పిలుపుకి ఎటు తిరగాలో తెలక
కాసేపు అద్దంలోకి సూసింది.

అద్దంలో ఎనక సీటు.
గౌరీశ్వరి ఓ కొస. మణిదీపు ఓ కొస.
మద్దిన ఇంకో సవారీ పట్టేటంత ఖాళీ.
పదో తరగతి గుంటడు. బడికెల్లి నాలుగు నెలలు.
పగలల్లా దుప్పటి, రాత్రల్లా కళ్ళు.
పెద్దాసుపత్రిలో రగతం బాగుందన్నారు.
తాయెత్తు కట్టించాను. తిట్టాను.
ఓనాడు వోడి ఫోను నేలకేసి కొట్టాను,
మర్నాడు వోడిని.
ఇప్పుడీ ఫోను వాయిదాల మీద కొన్నది.
మూడు వాయిదాలున్నాయింకా.

బండికి రోగమొస్తే మెకానిక్కు బండినే ఇప్పుతాడు,
డ్రైవర్ని ఇప్పడు కదేటండి?
మొదటి వారం అదే అడిగాను.
ఆవిడ నవ్వలేదు.
"మీరు ఇంటికి రాగానే ఏమవుతుంది?" అంది.
ఏటవుద్ది. అన్నం పెడతారు.
"వాళ్ళని చెప్పనివ్వండి."

రేకుల మీద కాకి నడిసిన సప్పుడు ఇనిపించింది.
అప్పుడు గౌరీశ్వరి,
కూర బాలేదంటే మారుమాట లేకండా
ఉప్పుడబ్బా తెచ్చి ముందెట్టే మనిషి,
పరదా అంచు మడతెడతా సెప్పింది:
"సందులోకొచ్చి బండి ఆపుతారండి.
మెల్లిగా ఆపితే బేరాలు బాగున్నట్టు.
గట్టిగా రేజు సేసి ఆపితే
టీవీ కట్టీస్తాను. గిన్నెలు సప్పుడవకండా దించుతాను.
గుంటడు దుప్పట్లోకి ఎల్లిపోతాడు."

"ఎప్పటినుంచి?"

నాలుగు నెలల్లో
నా సెవిన పడిన వోడి మొదటి మాట:
"రెండో తరగతి."

అక్కడ బొమ్మ ఆగిపోనాది.
డాక్టరమ్మ నోరు సగం తెరిసి,
మద్దిన గుండ్రంగా సున్నా తిరుగుతా.
ముగ్గురం దాన్నే సూత్తన్నాం.
ఆ అద్దంలో ఎన్ని మొకాలు సూసుంటాను,
నొప్పులొచ్చిన ఆడకూతుర్లు, మార్కులు తక్కువొచ్చిన పిల్లలు,
సావు కబురు ఇన్నోళ్ళు.
ఏడిసినోళ్ళకి మెల్లిగా తోలీవోణ్ణి, గోతులు తప్పించీవోణ్ణి.
నా గుంటడు ఒక్కనాడూ కిరాయి ఇవ్వలేదు,
ఒక్కనాడూ వోడికి మెల్లిగా తోల్లేదు.

మా అయ్య నెల్లిమర్ల జూటుమిల్లు నించి
సైకిలు మీద వొచ్చీవోడు.
స్టాండు ఏసిన సప్పుడు
నా ఈపుకి ఇప్పటికీ తెలుసు.
ఇది ఎవరికీ సెప్పలేదు. ఆ రోజూ సెప్పలేదు,
పళ్ళ దాకా వొచ్చింది.
వొచ్చే బుధవారం సూద్దాం.

సిగ్నలొచ్చాక ఆవిడ పనొకటి ఇచ్చింది.
"ఇంటికెళ్ళే ముందు సందు మొదట్లోనే ఇంజను ఆపి
అయిదు నిమిషాలు కూర్చోండి."
కూకుని?
"ఊరికే."
ఊరికే కూకోమనడానికి డబ్బులేటి, అనుకున్నాను.

సుక్రారం రాత్రి. తాగొచ్చినోడొకడు
కంటోన్మెంటు కాడ దిగి నలభై రూపాయలు ఎగ్గొట్టాడు.
సందు మొగలో ఇంజను కట్టీసాను.
ఇంజను ఆగింది. సేతులు ఆగలేదు,
హేండిలు మీద ఇంకా అదురుతానే ఉన్నాయి.
ఆ కొసన మాయింటి లైటు,
కిటికీలో ఓ తలకాయ, ఇంకా దుప్పట్లోకి ఎల్లలేదు.

సంచీ పట్టుకుని ఓ ముసలమ్మ వొంగి సూసింది.
"కోట జంక్షనుకి వొస్తావా బావూ?"
లేదమ్మా, ఇంటికెల్తన్నాను.
"కదలవేటి మరి?"
ఎల్తన్నానమ్మా.